స్కైరిమ్ అయిపోయింది, పాత ఎల్డర్ స్క్రోల్స్ గేముల్లో ఏది ఆడాలి?

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను తమ్ముడూ. నీ ప్రశ్న ఇదీ: స్కైరిమ్ మూడుసార్లు పూర్తి చేశావు. అది ఉన్న ఎల్డర్ స్క్రోల్స్ కంప్యూటర్ గేముల సిరీస్‌లో అంతకుముందు వచ్చినవి కూడా ఆడాలని ఉంది. మొదటి భాగం నుంచి వరుసగా ఆడకపోతే కథ అర్థం కాదేమోనని అనుమానం. ఉన్నది 8 జీబీ ర్యామ్ కాలేజీ ల్యాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. డిగ్రీ పరీక్షలు అయిపోయాయి, రెండు నెలలు ఖాళీ. ఉండేది వైజాగ్ పెందుర్తిలో.

సూటిగా చెప్తాను. ముందు మారోవిండ్ ఆడు. దాని తర్వాత ఒబ్లివియన్, పాతదే, మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసిన రీమాస్టర్ కాదు. డాగర్‌ఫాల్ ఒక శనివారం కూర్చుని రుచి చూడు. అరీనా వదిలెయ్. వరుసగా ఆడాల్సిన అవసరం లేదు. ప్రతి గేమ్‌లో హీరో వేరు, ప్రాంతం వేరు, గొడవ వేరు. మారోవిండ్ కథ జరిగిన ఆరేళ్లకు ఒబ్లివియన్ కథ జరుగుతుంది, ఆ తర్వాత రెండువందల ఏళ్లకు స్కైరిమ్. ముందుదాంట్లో జరిగినవి తర్వాతదాంట్లో పుస్తకాలుగా, పుకార్లుగా, పాత గాయాలుగా కనిపిస్తాయి, అంతే. తెలియకపోయినా కథ ఆగదు. తెలిస్తే మాత్రం ఎంత తేడా ఉంటుందో కింద చెప్తాను.

నేను ద్వారకానగర్‌లో కంప్యూటర్ రిపేర్ షాపు నడుపుతున్నాను. ఈ సిరీస్ ఆడటం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. షాపుకి వచ్చేవాళ్లలో, ఇంట్లోవాళ్లలో తొమ్మిదిమందికి నేనే ఇవి అలవాటు చేశాను. వాళ్లలో నలుగురు మధ్యలో మానేశారు. ఎందుకు మానేశారో దగ్గరుండి చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట వరుస సంగతి. మా బావమరిది ఏ పనైనా మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలనే మనిషి. సినిమా పది నిమిషాలు అయిపోతే హాల్లోకే రాడు. అలాగే 1994 నాటి అరీనాతో మొదలుపెట్టాడు. అది డాస్ కాలం గేమ్. మౌస్‌ని పక్కకి లాగితే కత్తి తిరుగుతుంది, ఊళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, మొదటి చెరసాల నేలమాళిగలోనే ఎలుకలు చంపేస్తాయి. రెండు రోజులు పట్టుదలగా ఆడాడు, మూడో రోజు సిరీస్ మొత్తం మీదే విరక్తి వచ్చింది. తర్వాత నేనెంత చెప్పినా మారోవిండ్ ముట్టుకోలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే అతనికి అది తప్పకుండా నచ్చేది. అరీనా చరిత్ర కోసం చూసుకోవాల్సిన గేమ్. తయారు చేసిన బెథెస్డా కంపెనీ దాన్ని ఎప్పుడో ఉచితంగా ఇచ్చేసింది, కావాలంటే ఏ రోజైనా పది నిమిషాలు తెరిచి చూడొచ్చు.

ఇప్పుడు మారోవిండ్. 2002లో వచ్చింది. స్కైరిమ్ ఆడిన చేత్తో తెరిస్తే మొదట నీకు కనిపించేది లేనివాటి జాబితా. దిక్కు చూపించే బాణం గుర్తు లేదు. మ్యాప్ మీద నొక్కితే అక్కడికి చేరడం లేదు. పాత్రలు చాలావరకు నోటితో మాట్లాడవు, చదువుకోవాలి. ఇవన్నీ లోపాలని అనిపిస్తుంది. మొదటి నాలుగు గంటలు అలా అనిపించడం మామూలే, మానెయ్యకు.

పెందుర్తి నుంచి మా షాపుకి ఎవరైనా వస్తామని ఫోన్ చేస్తే మేమేం చెప్తాం? "కాంప్లెక్స్ దగ్గర దిగండి, డైమండ్ పార్క్ వైపు నడవండి, టిఫిన్ బండి కనిపిస్తుంది, ఆ పక్క సందులో మెట్లెక్కండి" అంటాం. మారోవిండ్ మొత్తం ఇలాగే నడుస్తుంది. బాల్మోరా ఊళ్లో నీకు అప్పగించే మొదటి పెద్ద పని ఒక పాడుబడ్డ కోటలోంచి చిన్న పెట్టె తేవడం. ఆ కోట పేరు ఆర్క్‌న్‌థాండ్. ఊరికి దక్షిణంగా బయటికి వెళ్లు, ఓడై నది మీద వంతెన దాటు, మూన్‌మాత్ కోట వైపు వెళ్లు, అక్కణ్ణుంచి లోయ మీద పాతకాలపు వంతెన కనిపిస్తుంది, దాని అవతల అని చెప్తారు. తీరా వెళ్తే తలుపు తెరుచుకోదు. కాస్త దూరంలో ఒక గొట్టం మీద మర ఉంటుంది, అది తిప్పాలి. ఎవరూ గుర్తు పెట్టి చూపించరు. నువ్వే చుట్టూ తిరిగి కనిపెట్టాలి. కనిపెట్టిన క్షణాన ఆ కొండ, ఆ లోయ, ఆ వంతెన జన్మలో మర్చిపోవు. స్కైరిమ్ మూడుసార్లు పూర్తి చేసిన నిన్ను అడుగుతున్నాను, బాణం గుర్తు తీసేస్తే వైట్‌రన్ నుంచి మార్కార్త్‌కి దారి చెప్పగలవా? నేను చెప్పలేను. మారోవిండ్‌లో బాల్మోరా నుంచి గ్నిసిస్ దాకా కళ్లు మూసుకుని చెప్తాను.

అందుకే ఒక నోట్‌బుక్ కొనుక్కో. గేమ్‌లో డైరీ ఉంటుంది, కానీ అన్ని పనుల సంగతీ తేదీల వారీగా ఒకదాని మీద ఒకటి పడిపోయి ఉంటుంది. ఎవరు ఏ దారి చెప్పారో నీ చేత్తో రాసుకుంటే పని సగం తగ్గుతుంది. నా నోట్‌బుక్ ఇంకా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేం మల్కాపురంలో మేడమీద గదిలో ఉండేవాళ్లం. కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా సీపీయూ మీద కొట్టింది. రోజుల తర్వాత కరెంటు వచ్చాక చూస్తే హార్డ్ డిస్క్ పోయింది. ఏళ్ల తరబడి దాచుకున్న సేవ్ ఫైళ్లు దాంతోపాటే పోయాయి. బీరువాలో పెట్టిన నోట్‌బుక్ మాత్రం అంచులు తడిసి బయటపడింది. గ్నిసిస్ దగ్గర పురుగుల గుడ్లు తీసే గనికి పెన్సిల్‌తో గీసుకున్న దారి అలాగే ఉంది, పక్కన నీలం సిరాతో రాసిన ఊళ్ల పేర్లు మాత్రం అలుక్కుపోయాయి. కొత్త సిస్టమ్ కొన్నాక ఆ పేజీలు చూసుకుంటూనే మళ్లీ మొదటి నుంచి ఆడాను. మధ్యలో ఒక్కసారి కూడా ఇంటర్నెట్‌లో వెతకలేదు.

ఇంకో కారణం మంత్రాలు. స్కైరిమ్‌లో పుస్తకం కొని ఉన్న మంత్రాన్ని వాడుకుంటావు. మారోవిండ్‌లో మంత్రాలు నువ్వే కలిపి తయారు చేసుకోవచ్చు. గాల్లోకి లేవొచ్చు, నీళ్ల మీద నడవొచ్చు, ఒకచోట గుర్తు పెట్టుకుని ఎక్కడినుంచైనా అక్కడికి తిరిగి రావొచ్చు. టెల్వానీ అనే వంశం మంత్రగాళ్ల బురుజులు పెద్ద పుట్టగొడుగుల్లా పెరిగి ఉంటాయి, లోపల పైకి వెళ్లడానికి మెట్లుండవు. ఎగరడం తెలిసినవాడే వాళ్ల గదికి చేరతాడు. తలుపు దగ్గర నిలబడి తల పైకెత్తి చూసి, ఈ వంశం వాళ్లు మిగతా జనాన్ని ఎలా చూస్తారో నాకు అప్పుడే అర్థమైంది. ఒక్క ముక్క సంభాషణ లేకుండా చెప్పారు. తర్వాత వచ్చిన ఒబ్లివియన్‌లో ఊళ్లు గోడల లోపల విడిగా లోడ్ అవుతాయి కాబట్టి ఎగిరే మంత్రాన్ని తీసేశారు, అది మళ్లీ రాలేదు.

మూడోది నీలాంటివాళ్ల కోసమే. స్కైరిమ్‌లో విండ్‌హెల్మ్‌కి వెళ్లి ఉంటావు. అక్కడ మురికి సందుల్లో బూడిదరంగు ఒంటి జనం ఉంటారు, వీధిలో స్థానికులు వాళ్లని తిడుతూ కనిపిస్తారు. వాళ్లంతా ఎవరు? మారోవిండ్ అనే దేశం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. వివెక్ అనే మహానగరం మీద ఆకాశంలో ఒక పెద్ద బండరాయి నిలిచి ఉంటుంది. మారోవిండ్‌లో నువ్వు దాని కిందే తిరుగుతావు, దాని లోపల ఉన్న జైలుకి కూడా వెళ్తావు. మారోవిండ్ కథ తర్వాత కొన్నేళ్లకు ఆ రాయి పడిపోయింది, ఎర్రకొండ అనే అగ్నిపర్వతం పేలింది, దేశం బూడిదైంది. అలాగే బ్లడ్‌మూన్ అనే అదనపు భాగంలో సోల్‌స్థైమ్ దీవి మీద రేవెన్ రాక్ అనే ఊరు కడతారు, దానికి కావాల్సిన పనులు చేసేది నువ్వే. స్కైరిమ్‌లో డ్రాగన్‌బోర్న్ భాగం ఆడినప్పుడు పడవ దిగేది ఆ ఊళ్లోనే, రెండు శతాబ్దాల తర్వాత, బూడిద కప్పుకుని. నేను ముందు బ్లడ్‌మూన్ ఆడి తర్వాత డ్రాగన్‌బోర్న్ ఆడాను. రేవు మీద కాలు పెట్టాక చాలాసేపు కదల్లేదు. నువ్వు తిరగేసి ఆడబోతున్నావు, అయినా ఫరవాలేదు. పాడైన ఊరు ముందు చూసి, అది పుట్టిన రోజు తర్వాత చూస్తావు.

జనం మానేసేది ఎక్కడంటే, కత్తి తగలకపోవడం దగ్గర. ఎదురుగా ఉన్న ఎలుక మీద కత్తి విసురుతావు, కత్తి దాని ఒంట్లోంచి పోయినట్టే కనిపిస్తుంది, దెబ్బ మాత్రం పడదు. గేమ్ పాడైందని అనుకుంటారు. పాడవలేదు. దెబ్బ తగలాలా వద్దా అన్నది లోపల పాచికలు వేసినట్టు లెక్క కడుతుంది. ఆ లెక్కలో నీ ఆయుధం స్కిల్, చురుకుదనం, అదృష్టం, అన్నిటికన్నా నువ్వు మర్చిపోయే అలసట ఉంటాయి. తెర మీద ఆకుపచ్చ గీత అలసటది. పరుగెత్తుకుంటూ వెళ్తే అది ఖాళీ అవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత కొట్టినా వృథా. శత్రువు కనిపించగానే ఆగు, ఊపిరి తీసుకో, గీత నిండాక కొట్టు.

పాత్రని తయారు చేసుకునేటప్పుడు కూడా ఇది చూసుకోవాలి. నువ్వు ఎంచుకోని స్కిల్ 5 దగ్గర మొదలవుతుంది. మేజర్‌గా, అంటే ముఖ్యమైన స్కిల్‌గా పెట్టుకుంటే 30. రెడ్‌గార్డ్ జాతికి పొడవు కత్తిలో పుట్టుకతో 15 అదనం. పోరాటం స్పెషలైజేషన్ తీసుకుంటే ఇంకో 5. అంటే మొదటిరోజే 50 చేతిలో ఉంటుంది. మొదటిసారి ఆడేవాళ్లకు నేను ఇదే చెప్తాను. ఇక్కడే ఇంకో పొరపాటు. గేమ్ మొదట్లో ఆఫీసు గదిలో బల్ల మీద బాకు దొరుకుతుంది. అందరూ దాన్నే తీసుకుని యుద్ధానికి వెళ్తారు. బాకు పొట్టి కత్తి కిందికి వస్తుంది, నీకు వచ్చింది పొడవు కత్తి. ఆ రెండూ వేరే స్కిల్స్. షాపుకొచ్చే ఒక ఇంజనీరింగ్ కుర్రాడు మూడు రోజులు బాకుతో ఆడి, గేమ్‌కి దండం పెట్టేశానని చెప్పాడు. కూర్చోబెట్టి ఆయుధం మార్పించాను. ఆ సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టాడు, రెండు నెలల్లో మెయిన్ కథ పూర్తి చేశాడు.

ఇంకో అడ్డంకి ఇంగ్లీషు. ఇందులో చదవాల్సింది చాలా ఉంటుంది. నాది తెలుగు మీడియం, మొదట్లో పక్కన డిక్షనరీ పెట్టుకునే ఆడాను. మా చెల్లెలు కూడా అంతే, ఇప్పుడు తను బ్యాంకు పరీక్షల ఇంగ్లీషు పేపరుకి అదే ఉపయోగపడిందని చెబుతుంది. అయితే రోజంతా పని చేసి వచ్చి రాత్రి ఓ గంట ఆడుకునేవాళ్లకు ఇంత చదువు భారం. ఉక్కునగరంలో ఉండే మా స్నేహితుడు బీ షిఫ్ట్ దిగి వచ్చాక ఆడేవాడు. మారోవిండ్‌లో పేరాలు చదువుతూ నిద్రపోయేవాడు. అతనికి ఒబ్లివియన్ ఇచ్చాను, హాయిగా ఆడాడు. చదవడం నీకు కష్టమనిపిస్తే మొహమాటపడకుండా ఒబ్లివియన్‌తోనే మొదలుపెట్టు. నువ్వు డిగ్రీ చదివి రెండు నెలలు ఖాళీగా ఉన్నావు, నీకు మారోవిండ్ పట్టే సమయం మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, అందుకే దాన్ని ముందు పెట్టాను.

ఒబ్లివియన్ 2006లో వచ్చింది. ఇందులో అందరూ నోటితో మాట్లాడతారు. చక్రవర్తికి గొంతు ఇచ్చింది ప్యాట్రిక్ స్టీవర్ట్, మార్టిన్‌కి షాన్ బీన్. మెయిన్ కథ ఓ మాదిరి. నరకం గుమ్మాలు ఒకదాని తర్వాత ఒకటి మూయడం మూడోసారికే విసుగు. అన్నీ మూయాలని పంతం పట్టకు. దీని బలం చిన్న పనుల్లో ఉంది. స్కింగ్రాడ్ అనే ఊళ్లో గ్లార్థిర్ అని ఒకతను పగలే నిన్ను ఆపి, రాత్రి గుడి వెనక కలవమంటాడు. వెళ్తే, ఇరుగుపొరుగు తనమీద కుట్ర పన్నుతున్నారని, వాళ్ల వెంట నడిచి కనిపెట్టమని డబ్బులిస్తాడు. నువ్వు ఒక రోజంతా ఒకావిడ వెనకాల తిరుగుతావు. ఆమె ఇల్లు, పని, గుడి, నిద్ర. కుట్రా లేదు ఏమీ లేదు. తిరిగొచ్చి ఏం చెప్తావన్నది నీ ఇష్టం. నువ్వు అవునంటే ఏమవుతుందో నేను చెప్పను. ఊరివాళ్లందరికీ పొద్దున్నుంచి రాత్రి వరకు సొంత దినచర్య ఉండేలా తయారు చేశారు కాబట్టే ఇలాంటి పని కుదిరింది. హంతకుల ముఠా పనులు, దొంగల సంఘం పనులు, షివరింగ్ ఐల్స్ అదనపు భాగం, ఈ మూడూ వదలొద్దు.

దీంట్లో పెద్ద లోపం ఒకటుంది. నువ్వు లెవెల్ పెరిగేకొద్దీ శత్రువులూ పెరుగుతారు. దారిదోపిడీ చేసే దొంగ కూడా రాజుల దగ్గర ఉండాల్సిన కవచం వేసుకుని వంద నాణేలు అడుగుతాడు. బలం పెరిగిన తృప్తి ఉండదు. దానికి నేను చేసేది రెండు పనులు. క్వాచ్ ఊరిని కాపాడే పని లెవెల్ తక్కువగా ఉన్నప్పుడే, మొదట్లోనే చేసేస్తాను. తర్వాత కష్టం అనిపించిన రోజు డిఫికల్టీ గీతని కాస్త కిందికి జరుపుతాను. అందులో సిగ్గుపడాల్సింది లేదు, గేమ్ లెక్కలోనే తప్పుంది.

2025 ఏప్రిల్ 22న వచ్చిన ఒబ్లివియన్ రీమాస్టర్ గురించి అడుగుతావని తెలుసు. బొమ్మ చాలా బాగుంది, లెవెల్ పెరిగే పద్ధతి సరిచేశారు, పరుగు కూడా పెట్టారు. కానీ దానికి కనీసం 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 టీఐ స్థాయి గ్రాఫిక్స్ కార్డు, డిస్క్‌లో 125 జీబీ ఖాళీ కావాలి. నీ ల్యాప్‌టాప్ మీద అది నడవదు. దానికోసం కొత్త సిస్టమ్ కొనమని ఇంట్లో అడగొద్దు, పాతది నీ దగ్గర ఉన్నదాంట్లో బాగానే నడుస్తుంది.

మారోవిండ్ ఎక్కించడం సంగతి. స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో ఏదో ఒకదాంట్లో గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్ తీసుకో, ట్రిబ్యునల్, బ్లడ్‌మూన్ అనే అదనపు భాగాలు రెండూ దాంట్లోనే ఉంటాయి. సేల్ వచ్చేదాకా ఆగితే చవకగా వస్తుంది. తర్వాత ఓపెన్‌ఎండబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకో. గేమ్‌లోని బొమ్మలూ మాటలూ పాతవే, నడిపే ఇంజన్ మాత్రం అభిమానులు మొదటినుంచి కొత్తగా రాసింది. పాత ఇంజన్ మాటిమాటికి మూసుకుపోయేది, ఇది నిలకడగా ఉంటుంది, వెడల్పు తెరకి సరిపోతుంది. నీ ల్యాప్‌టాప్‌కి సరిపోతుంది. దూరపు కొండలు కనిపించే సెట్టింగ్ మరీ పెంచకు. మే నెల వైజాగ్ ఉక్కలో ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది, కింద గాలి ఆడేలా రెండు అట్టముక్కలు పెట్టు.

మొదటిసారి మాడ్స్, అంటే అభిమానులు గేమ్‌కి చేసిన మార్పులు, వద్దు. యూట్యూబ్ చూసి నలభై మాడ్స్ వేసుకుని, ఏది దేన్ని పాడు చేసిందో తెలియక షాపుకి తెచ్చినవాళ్లు ఉన్నారు. ముందు గేమ్ ఎలా ఉందో అలా చూడు.

డాగర్‌ఫాల్ గురించి కొంచెం. 1996 గేమ్, ఇదీ ఉచితమే. డాగర్‌ఫాల్ యూనిటీ అనే అభిమానుల రూపంలో ఆడు, పాత డాస్ రూపంలో వద్దు. పదిహేను వేలకు పైగా ఊళ్లు, గుహలు ఉన్నాయి, దాదాపు అన్నీ కంప్యూటర్ పేర్చినవే కాబట్టి పది చూశాక మిగతావి తెలిసినట్టే ఉంటాయి. నేలమాళిగల్లో దారి తప్పితే గంటలు పడుతుంది. కానీ బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు, ఇల్లు కొనొచ్చు, ఓడ కొనొచ్చు, రక్తపిశాచిగా మారొచ్చు. అంత ఆశ పెట్టుకుని చేసిన గేమ్ ఆ కాలంలో ఇంకోటి నేను చూడలేదు. పనులకు గడువులుంటాయి, మెయిన్ కథ మొదలుపెట్టే ఉత్తరాన్ని పట్టించుకోకపోతే కథే చేజారిపోతుంది, అది ఒక్కటి గుర్తుంచుకో. 1997లో వచ్చిన బ్యాటిల్‌స్పైర్, 1998లో వచ్చిన రెడ్‌గార్డ్ పక్కదారి ప్రయోగాలు, ఇప్పుడు అవసరం లేదు.

మారోవిండ్‌లో నీ మొదటి రాత్రి ఇలా గడుపు. పడవ దిగేది సీడా నీన్ అనే చిన్న రేవులో. ఆఫీసు పెరట్లో పీపాలో ఒక ఉంగరం ఉంటుంది, తీసుకో. బయట ఫార్గాత్ అనే పొట్టి మనిషి దాని గురించే అడుగుతాడు. తిరిగి ఇచ్చెయ్, అతని స్నేహితుడైన దుకాణదారు అర్రిల్‌కి నీమీద అభిమానం పెరుగుతుంది. అక్కడే నీ స్కిల్‌కి సరిపడే ఆయుధం చూసి కొను. మేడమీద ఒక సైనికుడు, ఫార్గాత్ డబ్బు ఎక్కడ దాస్తున్నాడో కనిపెట్టమంటాడు. రాత్రి లైట్‌హౌస్ ఎక్కి చూడు, చీకట్లో నీళ్లల్లోంచి నడిచి వెళ్లేది కనిపిస్తుంది. తెల్లారాక బాల్మోరా వైపు నడువు. కాస్త దూరంలో ఆకాశం నుంచి కేక వేస్తూ ఒక మంత్రగాడు పడతాడు. అతని దగ్గర ఎంతో ఎత్తుకి దూకించే మంత్రం రాసిన కాగితపు చుట్టలు మూడు ఉంటాయి, డైరీ కూడా ఉంటుంది. చుట్ట వాడేముందు డైరీ చదువు. వాడి దూకాక, కింద పడేలోపు రెండోది వాడకపోతే నువ్వూ అతనిలాగే పోతావు.

బాల్మోరాలో కైయస్ అనే ముసలాయన నిన్ను చూసి, ఇంకా చాలవు, ఏదైనా సంఘంలో చేరి కాస్త రాటుదేలి రా అంటాడు. నిజంగానే వెళ్లు. ఫైటర్స్ గిల్డ్‌లో నాలుగు పనులు చేసి తిరిగి రా. ఆర్క్‌న్‌థాండ్‌లో ఆ పెట్టె చాలా చిన్నది, అరలో సామాన్ల మధ్య కలిసిపోయి ఉంటుంది, అందరూ అక్కడే ఇరుక్కుంటారు. దొరక్కపోతే నువ్వు ఏ ఏ గదులు వెతికావో ఇక్కడ రాయి, ఏ గది వదిలేశావో చెప్తాను.